మంచు దిగాక కనిపించే కొండ: పాడేరు ఎత్తుల్లో ఒక ఫొటో ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు 28

ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయినదని చెప్పే కొండ పాడేరు ఏజెన్సీలో ఉంది. దాన్ని కొందరు జిందగడ అంటారు, కొందరు అర్మకొండ అంటారు, ఇంకొందరు సీతమ్మకొండ అంటారు. పేరులాగే ఎత్తు కూడా ఒకచోట నిలవదు. చాలాచోట్ల 1,680 మీటర్లని, కొన్నిచోట్ల 1,690 మీటర్లని రాసి ఉంటుంది. సరిహద్దుకు అవతల, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఉన్న దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు కాబట్టి ఈ రెండు కొండల మధ్య తేడా ఒక తాటిచెట్టు ఎత్తుకు మించదు. ఇంత పేరున్న కొండకు నేను ఇన్నేళ్లలో చూసిన మంచి ఫొటోలను ఒక చేతి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. పాడేరు పేరు చెప్పగానే అందరి ఫోన్లలోనూ కనిపించేది దగ్గరలోని వంజంగి కొండ మీంచి తీసిన మేఘాల సముద్రమే.

అందుకే ఈ ప్రాజెక్టు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ కొండ వరసల మధ్యకు కాలినడకన మళ్లీ మళ్లీ వెళ్లి, 16 బై 24 అంగుళాల కొలతలో ముద్రించినా నిలబడగల 12 ఫొటోలు మిగుల్చుకోవాలని నిర్ణయించుకున్నాను. డ్రోను వాడకూడదు, రోడ్డు పక్కన నిలబడి తీసిన ఫొటోను లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ వారమంతా సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంతోనే గడిచింది. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ 20 మీటర్లకు ఒకటి చొప్పున గీసిన కాంటూరు గీతలు ఎక్కడ ఒకదాని మీద ఒకటి పడినంత దగ్గరగా ఉన్నాయో అక్కడ ఎక్కలేమని, ఎక్కడ దూరంగా జరిగాయో అక్కడ నడవవచ్చని గుర్తులు పెట్టుకుంటూ పోతే, ప్రధాన వరసకు ఎదురుగా, రోడ్డుకు దూరంగా, చూపుకు అడ్డు లేని చోట్లు నాలుగు తేలాయి. వాటిలో రెండింటికి పటంలో కాలిబాట కూడా లేదు. కెమెరా, రెండు లెన్సులు, ట్రైపాడ్, మూడు లీటర్ల నీళ్లు, తిండి, గొంగళి కలిపి తూకం వేస్తే 11 కిలోలు తేలింది. ఎక్కుడులో ప్రతి కిలో లెక్క అడుగుతుంది కాబట్టి మూడో లెన్సును ఇంట్లోనే ఉంచేశాను.

అక్టోబరు 19

విశాఖపట్నం నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు దాదాపు 110 కిలోమీటర్లు. మాడుగులలో ఆగి హల్వా కొన్నాను. గోధుమ పాలతో, నెయ్యితో చేసే ఆ హల్వా రోజుల తరబడి పాడవదు, చిన్న ముక్క తింటే గంటసేపు ఆకలి వేయదు. కొండకు తీసుకువెళ్లడానికి అంతకన్నా తగిన తిండి నాకింకా దొరకలేదు.

పోలికకు ఒక ఆధారం ఉండాలని మొదటి ఉదయం వంజంగిలోనే గడిపాను. తెల్లవారుజామున నాలుగింటికే మేఘాల కొండ మీద నిలబడడానికి చోటు లేదు. ముందురోజు వాన కురిసి వెలిసింది, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి కదలలేదు. మేఘాల సముద్రం పుట్టడానికి కావలసినవి ఇవే. అటువంటి రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి, వాలు వెంట గెడ్డలు, అంటే కొండవాగులు, పారే దారిలోనే కిందికి జారి లోయలో చేరుతుంది, అందులోని తేమ మంచుగా మారుతుంది. పైనున్న వెచ్చటి గాలి పొర దాన్ని మూత పెట్టినట్టు అణచి ఉంచుతుంది. ఆ మూతకు పైన నిలబడిన మనకు అది సముద్రంలా కనిపిస్తుంది.

అందంగా ఉంది, కాదనను. 140 ఫొటోలు తీశాను. ఇంటికి వచ్చి చూస్తే అన్నింట్లోనూ కింద తెల్లదనం, పైన నారింజ రంగు, మధ్యలో రెండు మూడు నల్లటి కొండ తలలు. అది పాడేరే అని చెప్పే గుర్తు ఏ ఒక్కదాంట్లోనూ కనిపించలేదు. మూడు ఉంచి మిగతావి తీసేశాను, వారం తిరిగాక ఆ మూడూ తీసేశాను.

నవంబరు 9

మొదటి అసలు నడక ఇది. పటంలో గుర్తు పెట్టుకున్న రెండో చోటుకు కింద ఒక గూడెం ఉంది. ముందుగా అక్కడి పెద్దలను కలిసి ఎందుకు వచ్చానో చెప్పి, తోటల హద్దులు ఎక్కడో, అటవీ భూమి ఎక్కడ మొదలవుతుందో అడిగి తెలుసుకున్నాను. ఆ ఊళ్లోనే కాఫీ, మిరియాలు పండించుకునే ఒకాయన తోడు వస్తానన్నారు. వయసులో నాకన్నా పెద్దవారు, నేను అన్నా అని పిలుస్తుంటే ఆయన నన్ను బాబూ అంటున్నారు.

1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు కొండ నడకకు ఒక లెక్క చెప్పాడు. నేటి కొలతల్లో చెప్పుకోవాలంటే ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కిన ప్రతి 600 మీటర్లకు మరో గంట. మా దారి ఏడు కిలోమీటర్లు, ఎక్కుడు 600 మీటర్లు కాబట్టి ఆ లెక్కన రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు పట్టాలి. మాకు నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. మూపున 11 కిలోల బరువుతో, వానాకాలంలో మనిషెత్తు పెరిగిన గడ్డిలో దారి వెతుక్కుంటూ, మధ్యమధ్య కెమెరా తీసి మళ్లీ సర్దుకుంటూ నడిచేవాడికి ఆ లెక్క సరిపోదు. ఇక మీదట నైస్మిత్ లెక్కను ఒకటిన్నర రెట్లు చేసి, దాని పైన ఒక అరగంట కలుపుకుందామని పుస్తకంలో రాసుకున్నాను.

మేము పైకి చేరేసరికి పదకొండు దాటింది. అప్పటికే కొండ అంచు మీదుగా మబ్బు పాకి వచ్చింది. కొండ వరస కనిపించలేదు సరికదా పది అడుగుల దూరంలో ఉన్న అన్న కూడా మసకబారారు. మూడు గంటలు కూర్చున్నాము. చేతికి ఏమీ దక్కలేదు.

దిగేటప్పుడు మాత్రం వలిసె పూల చేలు కనిపించాయి. నవంబరులో పసుపు పచ్చగా విరబూసే ఈ చేలను తీయడానికి అరకు వైపు వచ్చేవాళ్లు చాలామంది నేరుగా చేలోకి దిగి పంట తొక్కుతారని అన్న చెప్పారు. గట్టు మీదే నిలబడి, ట్రైపాడ్ కాళ్లను పొట్టిగా చేసి, పూల ఎత్తులోంచి వెనకనున్న కొండ వాలును తీశాను. ఇది పన్నెండింటిలో ఉంటుందో లేదో గాని ప్రస్తుతానికి దాన్ని మొదటిదిగా లెక్క వేసుకుంటున్నాను.

నవంబరు 23

రాత్రి గూడెంలోనే పడుకుని, ఒంటిగంటకు లేచి నడక మొదలుపెట్టి, ఐదింటికల్లా అంచు మీద కెమెరా నిలబెట్టాము. చుక్కలు స్పష్టంగా ఉన్నాయి, గాలి లేదు. వెలుగు రావడానికి గంట సమయం ఉందని కెమెరాను అలాగే వదిలేసి గొంగళి కప్పుకుని కూర్చున్నాను.

ఆరింటికి తీసిన మొదటి ఫొటో పాలలో ముంచినట్టు వచ్చింది. లెన్సు ముందు అద్దం మీద సన్నటి నీటి పొర కనిపించింది, తుడిస్తే అర నిమిషంలో మళ్లీ పట్టింది. నేల చల్లబడినట్టే, ఆకాశానికి ముఖం పెట్టిన అద్దం కూడా తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, అప్పుడు గాలిలోని తేమ దాని మీదే మంచు బిందువులుగా కూడుతుంది. లోయలో మేఘాల సముద్రం పుట్టడానికి కారణమైనదే నా లెన్సు మీద కూడా జరిగిందని అర్థమయ్యేసరికి వెలుతురు అయిపోయింది. ఆ ఉదయం పనికివచ్చే ఫొటో ఒక్కటీ లేదు.

నవంబరు 30

వారమంతా దీని మీదే పని చేశాను. బ్యాటరీతో నడిచే వేడి పట్టీలు బజారులో దొరుకుతాయి గాని వాటికి మళ్లీ పవర్ బ్యాంకు, దాని బరువు మొయ్యాలి. దానికి బదులు అరచేతిలో పట్టే రెండు చిన్న సీసాల్లో మరిగిన నీళ్లు పోసి, పాత ఉన్ని మేజోళ్లలో దూర్చి, రబ్బరు బ్యాండుతో లెన్సుకు రెండు పక్కలా కట్టి చూశాను. అద్దం పైన హుడ్డు, దాని మీద ఒక నూలు గుడ్డ. మేడ మీద రాత్రంతా పెట్టి చూస్తే దాదాపు రెండు గంటలు అద్దం పొడిగా ఉంది. విశాఖ తేమలో రెండు గంటలు నిలిచిందంటే కొండ మీద కూడా పనికివస్తుందనుకున్నాను. వేడి నీళ్లను ఫ్లాస్కులో తీసుకువెళ్తే మిగిలినవి టీకి పనికివస్తాయి.

ఇంకో పని కూడా చేశాను. అంచు మీద గాలికి ట్రైపాడ్ వణకకుండా సంచిని మధ్య కొక్కేనికి వేలాడదీయమని అందరూ చెబుతారు. వేలాడే సంచి గాలికి ఊగి, ఆ ఊపును కెమెరాకే అందిస్తుందని నాకు అనుభవమైంది. సంచి అడుగు నేలకు ఆనేలా తాడు పొడవును సరిచేసుకుంటే ఆ బాధ తప్పింది. ట్రైపాడ్ నిలవని రాళ్ల మీద పెట్టుకోవడానికి ఒక గుడ్డ సంచి కుట్టి, సంతలో కొన్న రెండు కిలోల చోళ్లతో, అంటే రాగులతో, నింపాను. లెన్సు దాని మీద పిల్లాడు ఒళ్లో కూర్చున్నట్టు కుదురుకుంటుంది. ఇసుక పోసిన సంచి చిరిగితే కెమెరా పాడవుతుంది, చోళ్ల సంచి చిరిగితే అంబలి కాచుకోవచ్చు.

డిసెంబరు 21

ఈ రోజును మూడు నెలల ముందే ఎంచుకున్నాను. మొదటి చోటు నుంచి తూర్పుకు చూస్తే, ప్రధాన వరసలో రెండు కొండల మధ్య ఒక సందు ఉంది. ఈ అక్షాంశంలో సూర్యుడు జూన్ నెలాఖరులో ఉత్తరం నుంచి 65 డిగ్రీల దగ్గర, డిసెంబరు నెలాఖరులో 115 డిగ్రీల దగ్గర ఉదయిస్తాడు. పటం మీద కోణమానిని పెట్టి కొలిస్తే ఆ సందు దాదాపు 114 డిగ్రీల్లో ఉంది.

సూర్యుడు సందులోంచే వచ్చాడు. సీసాలు పనిచేశాయి, అద్దం మసకబారలేదు. తెల్లటి మంచును చూసి కెమెరా దాన్ని బూడిద రంగుగా లెక్కకట్టి ఫొటోను చీకటి చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు, అంటే రెట్టింపు, పెంచి, ఫొటోలోని వెలుగునీడల లెక్క చూపే హిస్టోగ్రామ్ కుడి అంచు తగలకుండా చూసుకుంటూ పది నిమిషాల్లో 20 ఫొటోలు తీశాను. అనుకున్నది అనుకున్నట్టు జరిగిన ఉదయాలు నాకు తక్కువ. దిగి వస్తున్నంతసేపూ గొంతులో పాట ఆడుతూనే ఉంది.

ఇంట్లో పెద్ద తెర మీద చూసినప్పుడు సంతోషం సగమైంది. ఇది లెక్కకు దొరికిన ఫొటో, బాగుంది, పన్నెండింటిలో ఉంటుంది. కాని వంజంగిలో నేను దేన్ని కాదనుకున్నానో ఇందులోనూ అదే ఉంది. తేడా అల్లా జనం లేకపోవడం, నడక ఎక్కువ కావడం. అవి రెండూ నాకు తెలిసినవి, ఫొటోలో కనిపించేవి కావు.

జనవరి 11

ఈ ప్రాజెక్టు గురించి ఒక్క రోజే రాయమంటే ఈ రోజు గురించే రాస్తాను.

మూడో చోటుకు ఆరింటికల్లా చేరాము. మంచు మరీ ఎక్కువగా ఉండి, ఏడున్నర దాకా ఏమీ కనిపించకపోయేసరికి కెమెరా సంచిలో పెట్టి దిగుదామని లేచాను. అన్న కదలలేదు. చుట్ట కాలుస్తూ, మంచు వైపే చూస్తూ అన్నారు: "మీరంతా కొండ మాసిపోయినప్పుడు ఒస్తారు బాబూ, కొండ కనపడే యేలకి ఎల్లిపోతారు."

కూర్చున్నాను. ఎనిమిదిన్నర ప్రాంతంలో ఎండ నేలను వెచ్చబెట్టడం మొదలయ్యాక మంచు ఒక్కసారిగా లేచిపోలేదు. కింది నుంచి పలచబడుతూ, గెడ్డల వెంట చారికలుగా చీలుతూ, ఒక్కొక్క గట్టునే వదిలిపెట్టింది. సూర్యుడు అప్పటికి ఆగ్నేయంలో పాతిక డిగ్రీల ఎత్తుకు వచ్చాడు. నేను ఈశాన్యానికి చూస్తున్నాను కాబట్టి వెలుగు పక్కనుంచి పడి ప్రతి ముడతకూ ఒక నీడ ఇచ్చింది. ఇక్కడి కొండలు హిమాలయాల్లా సూదిమొనలు కావు. వయసుకు అరిగి, గుండ్రబడి, ఒకదాని వెనక ఒకటి పడుకున్న ఎనుముల వీపుల్లా ఉంటాయి. ఎదురెండలో వాటికి ఆకారం ఉండదు. పక్కవెలుగు పడితేనే వాటి పక్కటెముకలు కనిపిస్తాయి.

లెన్సును 200 మిల్లీమీటర్లకు పెట్టి, వెలుగు వచ్చే ద్వారాన్ని ఎఫ్ 8 దగ్గర ఉంచి, సెకనులో 200వ వంతు వేగంతో ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క ముక్కగా తీసుకుంటూ పోయాను. ఒకదాని వెనక ఒకటిగా ఏడు వరసలు లెక్కపెట్టాను. దగ్గరది ముదురాకుపచ్చ, చివరిది ఆకాశంతో కలిసిపోయే లేత నీలం. మసకను తగ్గించే పోలరైజర్ ఫిల్టరు సూర్యుడికి లంబంగా చూసే దిశలోనే బాగా పనిచేస్తుంది, మాకు అదే దిశ దొరికింది. దాన్ని పూర్తిగా తిప్పితే మసక తొలగి రంగులు తేటపడ్డాయి గాని ఏడు వరసలూ దగ్గరికి జరిగి ఒకే గోడలా అయ్యాయి. మసకే ఈ కొండల మధ్య దూరాన్ని చెబుతోందని అప్పుడు తెలిసింది. ఫిల్టరును సగానికి వెనక్కి తిప్పి, ఉండవలసినంత మసకను ఉంచేశాను.

మంచు పూర్తిగా దిగేసరికి కొండ తనేమిటో చెప్పడం మొదలుపెట్టింది. వానకు కోసుకుపోయిన చోట ఎర్రటి గాట్లు ఉన్నాయి. అది ఖోండలైట్ రాయి శిథిలమై ఏర్పడిన మట్టి. ఈ కొండల్లో నివసించే ఖోండుల పేరే ఆ రాతికి పెట్టారు, పూరీ జగన్నాథాలయానికి వాడిన రాయి కూడా ఈ జాతిదే. వాలు మీద గళ్ల దుప్పటి పరిచినట్టు ఉన్నవి కాఫీ తోటలు. నిటారుగా పెరిగే సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్ల మానులకే పాకించిన మిరియాల తీగలు. గాలి వీచినప్పుడల్లా ఓక్ ఆకుల అడుగు భాగం తిరగబడి వాలు అంతా వెండిలా మెరిసి ఆరుతోంది. ఒకచోట ఆ గళ్లలో పెద్ద ఖాళీ ఉంటే అదేమిటని అడిగాను. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని దాటిన హుద్‌హుద్ తుపానుకు పడిపోయిన చెట్ల చోటు అదని, తరవాత నాటినవి ఇంకా ఆ ఎత్తుకు రాలేదని అన్న చెప్పారు. నా వరకు ఆ ఖాళీ అంతవరకు కూర్పును చెడగొట్టే మచ్చ. ఆ మాట విన్నాక ఫొటోను దాని చుట్టూనే మళ్లీ కూర్చాను.

తొమ్మిదిన్నరకు వెలుగు చదునైపోయింది. ఒక గంటలో ఐదు ఫొటోలు దక్కాయి.

ఫిబ్రవరి 22

తొందరపాటుకు తగిన ఫలం దక్కిన రోజు. డిసెంబరులో సూర్యుడు వచ్చిన సందు దగ్గరే మంచు లేని ఉదయాన్ని తీద్దామని, లెక్క చూసుకోకుండా మొదటి చోటుకు వెళ్లాను. రెండు నెలల్లో సూర్యోదయం 115 డిగ్రీల నుంచి 101 డిగ్రీలకు, అంటే ఎడమకు 14 డిగ్రీలు జరిగిపోయింది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు ఉంటుంది కాబట్టి, పిడికిలిన్నర దూరంలో, ఏ సందూ లేని చదునైన గట్టు మీంచి సూర్యుడు నింపాదిగా లేచాడు. పటం సంచిలోనే ఉంది, ముందురోజు తీసి చూసే ఓపిక మాత్రం లేకపోయింది.

పైగా పోడు కాలం మొదలైంది. వాలు మీద అక్కడక్కడ తుప్పలు కొట్టి ఆరబెట్టి కాలుస్తున్నారు. జనవరిలో నీలంగా ఉన్న మసక ఇప్పుడు గోధుమ రంగుకు తిరిగింది, ఏడు వరసల్లో నాలుగే కనిపించాయి. మొదట విసుగు వేసింది. తరవాత ఆ పొగనే తీశాను. గట్టుకు ఇవతల మూడు సన్నటి పొగ దారాలు నిటారుగా లేచి, ఒక ఎత్తుకు వెళ్లాక మూత తగిలినట్టు ఒకేచోట పక్కకు వంగి పరుచుకున్నాయి. శీతాకాలమంతా నేను చదివి అర్థం చేసుకున్న ఆ వెచ్చటి గాలి పొర కళ్లకు కనిపించింది ఆ ఒక్కసారే.

మార్చి 2

ముద్రణకు ముందు పరీక్ష. నా కెమెరా ఫొటో 6,000 బై 4,000 పిక్సెళ్లు. 24 అంగుళాల పొడవుకు పరిస్తే అంగుళానికి 250 వస్తాయి, అది సరిపోతుంది. అయితే పెద్ద కాగితం ఏ తప్పునూ దాచదు. తెర మీద నిక్కచ్చిగా కనిపించిన రెండు ఫొటోల్లో చెట్ల కొనలు జంటగా కనిపించాయి. ట్రైపాడ్ వణికినప్పుడు తీసిన ఫొటోలవి, వాటిలో ఒకటి జనవరిది. వాటిని తీసేశాక వలిసె చేనిది ఒకటి, సందులోంచి సూర్యోదయం ఒకటి, జనవరివి నాలుగు, పొగది ఒకటి, మొత్తం ఏడు మిగిలాయి. శీతాకాలంలోనే పన్నెండు పూర్తవుతాయనుకోవడం నా పొరపాటు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలో ఈ కొండను నేను ఒక్కసారి కూడా చూడలేదు. గడువును అక్టోబరుకు పొడిగించి, కెమెరాకు వాన తొడుగు కుట్టడం మొదలుపెట్టాను.

మార్చి 9

జనవరి ఫొటో ఒకటి పెద్దగా ముద్రించి గూడేనికి తీసుకువెళ్లాను. అన్న దాన్ని అరుగు మీద పరిచి, వంగి చాలాసేపు చూశారు. ఏడు వరసలనూ, వెండిలా మెరిసే ఓక్ చెట్లనూ దాటి ఆయన వేలు ఎడమ కింది మూలకు వెళ్లి ఆగింది. నీడే కదా అని నేను నల్లగా వదిలేసిన మూల అది.

"ఇది మా చోళ్ల చేను బాబూ, ఇలాగ సీకటైపోనాదేటి?"

ఇంటికి వచ్చి ఆ మూలను కొద్దికొద్దిగా తేటపరిచాను. నీడలోంచి ముందు రాతి గట్టు, తరవాత కోత అయిపోయిన మొదళ్ల వరసలు, చివర ఒక చిన్న మంచె బయటపడ్డాయి. మళ్లీ ముద్రణకు పంపాను. ఈసారి రెండు ప్రతులు.